వెలుతురుండగా వచ్చిన లాంచీ

ఆ శివారు నుంచి నడి పట్నానికి పోవడానికి దారులు మూడు. రైలు, బస్సు, లాంచీ. మూడింటిలో ఏది మేలో తేల్చుకోకుండానే ముసలివాళ్ళయిపోయినవాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు.

రైలు మాట తప్పదు గానీ చుట్టూ తిరిగి పోతుంది. పైగా స్టేషను ఇటుక బట్టీల అవతల విసిరేసినట్టు ఉంటుంది, దిగాక బురదలో నడక. బస్సు వీధి చివరే ఆగుతుంది, కాదనకూడదు. కానీ వంతెన మీద ఇరుక్కుందంటే ఇక మన ప్రాప్తం. బస్సువాళ్ళ నోటి దురుసు గురించి చెప్పుకోకపోవడమే మర్యాద. లాంచీ ఏటికి అడ్డంగా పోతుంది. గాలి బాగుంటుంది, బల్లలుంటాయి. వానొస్తే తడుపుతుంది, ఎండొస్తే మాడుస్తుంది, ఆపైన బట్టలకి పట్టిన నూనె కంపు రెండు ఉతుకులకి గానీ వదలదు.

పొద్దున పోయేటప్పుడు ఏ దారైనా ఒకటే. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడే తేడా. దిగే చోట ఎవరైనా నిలబడి మన కోసం చూస్తుంటే దారి తగ్గుతుంది. చీకటి పడితే దీపం పెట్టాలని తెలిసినట్టే ఇదీ అక్కడ అందరికీ తెలిసిన సంగతి. ఇంట్లో మంచం మీద పడుకుని చూస్తే కుదరదు. దిగే చోటుకి రావాలి. మనసులో మనిషి ఉండాలి. ఊరికే చేతులు కట్టుకుని నిలబడితే ఒక్క గజం కూడా తగ్గదు. గట్టిగా చూసేవాళ్ళుంటే బస్సు వంతెన ఎక్కీ ఎక్కకముందే వీధి చివర ఉంటుంది. మధ్యలో రోడ్డంతా ఏమైపోయిందని ఎవరూ అడగరు. తొందరగా ఇల్లు చేరినవాడికి రోడ్డుతో ఏం పని?

అందుకని సాయంత్రం జనం బండిని చూసి ఎక్కరు, లోపల ఎవరున్నారో చూసి ఎక్కుతారు. కొత్తగా పెళ్ళయినవాడు కనిపిస్తే చాలు, జనమంతా వాడి వెనకాలే. కండక్టరే సీటు ఖాళీ చేయిస్తాడు.

"లేవండి లేవండి, పెళ్ళికొడుకుని కూర్చోనివ్వండి. మనం కూడా పొద్దుండగా కొంపలకి చేరొద్దూ!"

ఏడాది తిరిగేసరికి ఆ బస్సు మామూలు వేళకే వచ్చేది. అప్పుడు అదే కండక్టరు అతన్ని నిలబెట్టి, "ఏం బాబూ, ఇంట్లో ఆవిడకి పనెక్కువైందా?" అనేవాడు. పదిమందిలో అనే మాటా అది? అంటాడు. వాళ్ళు అలాంటివాళ్ళే.

ఇలాంటి చూపులన్నిటిలో పెద్ద చూపు రేవు పెద్దమ్మది. ఆవిడకి ఆ పేరు పెట్టింది లాంచీ జనమే. ఆవిడ కొడుకు నడి పట్నంలో, కొన్న బట్టలు ఒంటికి సరిపడా తగ్గించి కుట్టే దుకాణంలో మిషను కుట్టేవాడు. లాంచీలో వచ్చేవాడు. పెద్దమ్మ ముందే రేవుకి పోయి, లాంచీ తాడు కట్టే గుంజ పక్కన నిలబడేది. కూర్చోమంటే కూర్చునేది కాదు. కూర్చుంటే చూపు కుంగుతుందనేది. కొడుకు ఎక్కిన లాంచీ పట్నం రేవు వదిలిందో లేదో, ఈ రేవులో ఉండేది.

"పెద్దమ్మా, నీ చూపుండగా నాకు ఇంజనెందుకే?" అనేవాడు లాంచీ నడిపే సరంగు.

"ఎందుకు మరి? పీకి పారెయ్. ఆ కంపు లేకుండా వస్తాడు నా కొడుకు."

ఆ కొడుకు పోయాడు. పోయిన తీరు ఆ ఇంట్లో ముల్లులా విరిగి ఉండిపోయింది.

ఊపిరితిత్తుల జబ్బు. పట్నం ఆసుపత్రిలో ఉంచారు. ఒక సాయంత్రం ఇంటికి పోదామని పట్టుబట్టాడు. "అమ్మని చూడాలి" అన్నాడు. ఏటిగాలి తగలనివ్వొద్దని డాక్టరు చెప్పడంతో భార్య అతన్ని బస్సెక్కించింది. ఆ కంగారులో అత్తగారికి కబురు పంపాలని తోచలేదు. పెద్దమ్మ రోజూలాగే రేవులో నిలబడి చూస్తోంది, ఆసుపత్రి నుంచి వస్తే లాంచీలోనే వస్తాడని. బస్టాపులో ఎవరూ లేరు. బస్సు వంతెన మీద ఇరుక్కుంది. అతని తల భార్య భుజం మీద ఉంది. బస్సు కదిలేసరికి ఆ తల బరువెక్కింది.

పెద్దమ్మ ఒక్క మాటే అంది. "నేను రేవులో ఉన్నానని నీకు తెలుసు."

అంతే. మళ్ళీ కోడలితో మాట్లాడలేదు. బస్టాపు ఉన్న వీధి తొక్కనని ఒట్టు పెట్టుకుంది. కూరగాయలకి పోవాలన్నా ఊరంతా చుట్టి పోయేది. మోకాళ్ళు నొప్పని ఒట్టు సడలించుకునే మనిషి కాదు.

అయినా అత్తాకోడళ్ళు విడిపోలేదు. కోడలు అదే దుకాణంలో, భర్త మిషను ముందు, భర్త స్టూలు మీద కూర్చుంది. ఇంట్లో మాటలన్నీ గిన్నెలతోనే.

"చెంబూ, గుమ్మంలో చెప్పులు అడ్డంగా విడవకూడదని కొందరికి ఎవరూ నేర్పలేదేమో, నువ్వైనా చెప్పు."

కోడలూ నేర్చుకుంది. "చెంబూ, తీస్తున్నానని చెప్పు."

చెంబు ఇద్దరి మాటా వినేది. మధ్యలో దానికి కొన్ని సొట్టలు కూడా పడ్డాయి.

పెద్దమ్మ మాత్రం సాయంత్రమయ్యేసరికి రేవుకి పోవడం మానలేదు. అదే గుంజ, అదే నిలబాటు. పోయిన కొడుకు కోసమే చూస్తోందని అందరూ అనుకున్నారు. పోయినవాళ్ళ కోసం చూస్తే లాంచీ తొందరగా రాదు, మామూలు వేళకే వస్తుంది. అలాగే వచ్చేది. దిగినవాళ్ళు ఆవిడ పక్కనుంచి తల వంచుకుని పోయేవాళ్ళు. అందరూ దిగిపోయాక ఖాళీ బల్లల వంక ఒకసారి చూసి, కొంగు దులుపుకుని ఇంటికి పోయేది.

కోడలూ అలాగే అనుకుంది. అందుకే లాంచీ ఎక్కేది కాదు. కొడుకు కోసం చూసే ఆ కళ్ళ ముందు, అతను దిగాల్సిన చోట తను దిగడమా? కొన్నాళ్ళు రైలెక్కింది. వానాకాలం బురదకి తట్టుకోలేక బస్సుకి మారింది. ఆ బస్టాపులో ఆమె కోసం చూసేవాళ్ళు లేరు. వంతెన దగ్గరికి రాగానే ఎడమ భుజం బరువెక్కేది. పక్క సీట్లో ఎవరూ లేకపోయినా కదలకుండా కూర్చునేది, తల జారిపోతుందేమోనన్నట్టు. పగలంతా ఊళ్ళోవాళ్ళ ప్యాంట్లు కొలత పెట్టి తగ్గించే మనిషి, తన దారిని ఒక్క వేలెడు తగ్గించుకోలేకపోయింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారు గోడవైపు తిరిగి పడుకుని ఉండేది. పొయ్యి పక్కన అన్నం మూతపెట్టి ఉండేది. ఎంత ఆలస్యమైనా అన్నం వేడిగానే ఉండేది. మందపాటి గిన్నె కదా, దాని మంచితనం అనుకునేది కోడలు.

దుకాణం పెద్దాయన, అందరూ కటింగు మాస్టరు అనే ఆయన, ఒకరోజు కత్తెర పక్కనపెట్టి పిలిచాడు.

"మేడ మీద గది ఖాళీగానే ఉందమ్మా. పాత తానులు తీయించేస్తా. రోజూ ఈ తిరుగుడేంటి? నీ బతుకు సగం బస్సులోనే పోతోంది."

"ఆలోచించుకుని చెబుతానండి."

"ఆలోచించు. ఎటూ బస్సులో కూర్చునేదే కదా, నీకు కావలసినంత టైము. ఈ వారంలోగా చెప్పు, లేకపోతే ఇస్త్రీ అబ్బాయి అడుగుతున్నాడు."

ఆలోచించుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గది దుకాణం మీదే. మెట్లు దిగితే పని, ఎక్కితే నిద్ర. కావలసిందల్లా ఒక్క మాట. వెళ్ళొద్దు అని ఇంట్లో ఎవరైనా అంటే చాలు. తిట్టి చెప్పినా చాలు. ఆ మాట కోసం వారమంతా ఆగింది. చివరికి తనే గిన్నె కడుగుతూ అంది.

"గిన్నే, నేను పట్నంలో గది తీసుకుంటున్నానని చెప్పు. సెలవు రోజున వచ్చి కావలసినవి చూసి వెళతానని చెప్పు."

పెద్దమ్మ బియ్యం ఏరుతోంది. ఏరిన బియ్యమే మళ్ళీ మొదటినుంచి ఏరింది.

"వెళ్ళేవాళ్ళని పట్టుకోవడానికి గిన్నెలకి చేతులుండవు" అంది.

కోడలు ఇంకో మాట కోసం నిలబడింది. రాలేదు. రాళ్ళు మాత్రం పళ్ళెంలో టకటకమని పడ్డాయి.

మర్నాడు పొద్దున్నే రేకు పెట్టె సర్దింది. తన చీరలు, అతని కొలత టేపు, అతను కుట్టిన రెండు జాకెట్లు. పెట్టెని గుమ్మం పక్కన పెట్టి పనికి పోయింది, ఆ మర్నాడు తీసుకుపోవచ్చని. దుకాణంలో ఒప్పుకుని గది తాళంచెవి తీసుకుంది. దాన్ని కొంగున ముడేసింది.

ఆ సాయంత్రమే బస్సువాళ్ళు చెప్పాపెట్టకుండా పని మానేశారు. డ్రైవర్లకీ ఎవరికో ఏదో మాట తేడా వచ్చిందట. వాళ్ళకి రావడం, జనం మీద పడడం మామూలే. కోడలు రైలు స్టేషనుకి పోయింది. అక్కడ జనం తలుపుల్లోంచి బయటికి పొంగుతున్నారు. ఒక కాలు పెట్టబోతే చెప్పు ఊడింది, చెప్పు తీసుకునేసరికి రైలు కదిలింది.

"ఇక్కడ నిలబడితే రేపటికి గానీ ఎక్కలేవమ్మా" అన్నాడు అదే శివారు మంగలి, జేబులో కత్తెర పట్టుకుని నలిగిపోతూ. "లాంచీ ఉందిగా! రా."

"లాంచీయా?"

"ఏం, నీళ్ళంటే భయమా?"

నీళ్ళంటే కాదు. ఆమె కొంగున తాళంచెవి తడుముకుంది. రేపటినుంచి ఆ రేవులో దిగే పనే లేదు. ఈ ఒక్కరోజూ ఆ చూపు ముందు దిగితే ఏమవుతుంది? ఇప్పుడున్న కోపానికి ఇంకొంచెం చేరుతుంది. ఎలాగూ వెళ్ళిపోయేదాన్నే కదా అనుకుని అతని వెనక నడిచింది.

సరంగు ఆమెని చూసి, చూడనట్టు తాడు విప్పుకున్నాడు. తర్వాత "రా చెల్లెమ్మా" అన్నాడు, అంతే.

లాంచీలో ఒక పద్ధతుంది. ఎవరి కోసం రేవులో చూస్తారో వాళ్ళు ముందు బల్ల మీద కూర్చోవాలి, అందరూ చూసి సంతోషపడేలా. సరంగు అలవాటుగా అడిగాడు.

"ముందు బల్ల ఎవరిదయ్యా ఇవాళ?"

"నాది కాదు" అన్నాడు మంగలి. "నా కోసం చూసిన ఒక్క కుక్కా మొన్ననే పోయింది."

"మా ఆవిడ రేవుకొస్తుంది గానీ, చూసేది నా కోసం కాదు, నేను తెచ్చే సంచి కోసం" అన్నాడు బడి మాస్టారు. "సంచికి దారి తగ్గదు. నేను పరీక్షించి చూశాను."

జనం నవ్వారు. పట్నం ఆసుపత్రిలో పనిచేసే నర్సు నిట్టూర్చింది. "మా పిల్లలు బస్టాపులో ఉంటారండీ పాపం. బస్సుల్లేవని వాళ్ళకేం తెలుసు!"

ముందు బల్ల ఖాళీగానే ఉండిపోయింది. ఇక మామూలు ప్రయాణమే అని అందరూ సర్దుకున్నారు. మాస్టారు పేపరు విప్పాడు. మంగలి కాళ్ళు చాపి కళ్ళు మూసుకున్నాడు. కోడలు చివరి బల్ల మీద, ఇంజను పక్కన కూర్చుంది. లాంచీ వెనక్కి జరిగి, తిరిగి, ఏట్లోకి ముక్కు పెట్టింది.

మాస్టారు మొదటి పేజీ తిప్పబోయి ఆగాడు. పేపరు పక్కనుంచి చూశాడు. "ఏమయ్యోయ్" అన్నాడు.

వెనక పట్నం రేవు గడియారం ముల్లుతో సహా కనిపిస్తోంది. ముందు ఊరి రేవు మెట్లు కనిపిస్తున్నాయి. ఆ మెట్ల మీద ఆరేసిన వల కనిపిస్తోంది. పడమటి వైపు సూర్యుడు చెట్ల మీద ఇంకా నిలబడే ఉన్నాడు.

మంగలి లేచి కూర్చున్నాడు. "ఎవరయ్యా, అడిగినప్పుడు నోరు విప్పకూడదూ? సిగ్గా? మాస్టారూ, మీరేనా?"

"నేను కాదంటే!"

ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అదృష్టవంతులు ఎవరా అని కోడలూ చూసింది. ఎవరైనా ముందు బల్లకి పోతారేమోనని కాళ్ళు పక్కకి తీసి దారి కూడా ఇచ్చింది. ఎవరూ లేవలేదు. కాసేపటికి చూపులన్నీ తిరిగి తిరిగి ఆమె దగ్గర ఆగాయి.

సరంగు ఇంజను కట్టేశాడు. లాంచీ ఆగలేదు. నీళ్ళ మీద నూలు లాగినట్టు, తిన్నగా, మెత్తగా పోతూనే ఉంది.

"చెల్లెమ్మా, లేచి ముందుకి రా" అన్నాడు.

"నేనా? అత్తయ్య చూసేది ఆయన కోసం."

"పోయినవాళ్ళ కోసం చూస్తే లాంచీ ఇలా రాదు తల్లీ. రోజూ నడిపేవాణ్ణి, నాకు తెలీదా? ఆవిడ చూసే మనిషి ఇన్నాళ్ళూ నా లాంచీ ఎక్కలేదు. నేనూ మీలాగే తప్పు లెక్క వేసుకున్నాను. ఇవాళ ఎక్కింది ఆ మనిషి."

కోడలు లేవబోయింది. నర్సు చెయ్యి పట్టుకుని ముందుకి తీసుకుపోయి బల్ల మీద కూర్చోబెట్టింది. కూర్చున్నాక ఆమెకి ఏవేవో గుర్తొచ్చాయి. బస్సు దిగి ఇంటికొచ్చేసరికి రోజూ పొయ్యిలో నిప్పు ఎర్రగా ఉండేది. అన్నం వేడిగా ఉండడం గిన్నె మంచితనం కాదు.

పెద్దమ్మ గుంజ పక్కన నిలబడి ఉంది. లాంచీ మెట్లకి తగిలింది. ముందు బల్ల మీదున్న మనిషిని చూసింది. మొహం తిప్పుకోలేదు. సరంగు తాడు వేస్తే తనే అందుకుని గుంజకి చుట్టింది, ముడి సరిగ్గా పడిందో లేదో లాగి చూసుకుంది. ఆ తర్వాత గుంజతో అంది.

"గుంజా, రేవు ఎటో కొందరికి ఇప్పటికి తెలిసింది."

కోడలు మెట్టు మీద నిలబడిపోయింది. మిగతావాళ్ళు దిగకుండా ఆమె వెనకాలే ఆగారు. ఎవరూ తొందరపెట్టలేదు.

"బస్టాపుకి రానని ఒట్టు పెట్టుకున్నవాళ్ళు బస్టాపుకి ఎలా వస్తారు?" పెద్దమ్మ గుంజనే నిలదీసింది. "ఒట్టు లేనివాళ్ళే రేవుకి రావాలి. ఎన్నాళ్ళని నిలబడతారు మనుషులు? చెప్పు గుంజా, నువ్వు రోజూ చూస్తున్నావుగా."

కోడలు వచ్చి గుంజకి అటువైపు చెయ్యి ఆనించింది.

"గుంజా, ఆ రోజు నాకు తోచలేదని చెప్పు. రేవులో ఉన్నారని తెలిసి కూడా కబురు పంపాలని తోచలేదు. ఆయన అమ్మా అమ్మా అంటూనే ఉన్నారు, నాకు తోచలేదు. అది చెప్పు."

పెద్దమ్మ నీళ్ళవైపు తిరిగింది. కళ్ళు తుడుచుకోలేదు. నలుగురిలో తుడుచుకోవడం ఆవిడకి చిన్నతనం.

"గుంజకి చెవులున్నాయి" అంది చివరికి. "విన్నది."

ఇంటికి పోయేసరికి ఇంకా వెలుతురుంది. కిటికీలోంచి ఎండ గుమ్మం పక్కనున్న రేకు పెట్టె మీద పడుతోంది. పెద్దమ్మ ఆ పెట్టె ముందు ఆగింది.

"చెంబూ, ఈ పెట్టె ఇక్కడ అడ్డంగా ఉంది. నా మోకాళ్ళు అసలే బాగాలేవు. తట్టుకుని పడితే ఎవరు లేపుతారు? గదులు చూసుకున్నవాళ్ళు లేపుతారా?"

కోడలు పెట్టె తీసి మంచం కిందికి తోసింది. "చెంబూ, తీశానని చెప్పు."

"ఇంకొంచెం లోపలికి."

ఇంకొంచెం లోపలికి తోసింది. దీపం పెట్టకుండానే ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నారు. ఆ వెలుతురులో అత్తగారి జుట్టు ఎంత తెల్లబడిందో కోడలు చూసింది. కోడలి కళ్ళ కింద నల్లటి గీతలు అత్తగారు చూసింది. చూసి, గిన్నెలో మిగిలినదంతా కోడలి కంచంలో వడ్డించి, "పారేస్తే పాపం" అంది గిన్నెతో.

పొద్దున కోడలు తాళంచెవి తిరిగిచ్చేస్తే కటింగు మాస్టరు కళ్ళజోడు పైకెత్తి చూశాడు.

"అదేంటమ్మా! మరి ఆ దూరం?"

"తగ్గిందండీ."

"ఎవరు తగ్గించారు?"

"మా అత్తయ్య."

ఆయన తలూపి, "చేతిపని తెలిసిన మనిషే" అని తాళంచెవి ఇస్త్రీ అబ్బాయికి ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం బస్సులు నడిచాయి. అయినా కబురు పాకిపోయింది. పట్నం రేవులో జనం బారులు తీరారు. బస్సులో కొత్త పెళ్ళికొడుకు ఉన్నాడని కండక్టరు కేకలు వేస్తున్నా వినేవాళ్ళు లేరు. లాంచీ నిండి, ముందు బల్ల మీద కోడలు చుట్టూ కూడా మనుషులు నిలబడ్డారు. ఆమె తల కూడా బయటికి కనిపించడం లేదు. సరంగు ఇంజను ముట్టుకోలేదు. ఏరు ఒక్క గుక్కలో దాటినట్టు దాటేశారు.

రేవులో పెద్దమ్మ తాడు అందుకోకుండా కేకలు మొదలెట్టింది.

"ఏమయ్యా, ఇదా రావడం? ఎంతసేపు నిలబడాలి మనుషులు?"

సరంగు పడమటి వైపు చెయ్యి చూపించాడు. "పెద్దమ్మా, ఇంతకంటే తొందరగా ఎలా వస్తానే? అటు చూడు, సూర్యుడు ఇంకా చెట్ల మీదే ఉన్నాడు!"

"సూర్యుడి సంగతి నాకెందుకు?" పెద్దమ్మ మునివేళ్ళ మీద లేచి, జనం తలల మీదుగా, భుజాల సందుల్లోంచి వెతుకుతోంది. "అడ్డం తప్పుకోండయ్యా, గోడల్లా నిలబడ్డారు. నా కోడలేదీ?"